పక్కింటి ఊపిరి

ఆ వానాకాలంలో పాత కార్ఖానా గల్లీలో నిద్రలోనే పోయిన మూడో ఆడమనిషి బాలమణి. ముప్పై నాలుగేళ్ళది. మధ్యాహ్నం ఇంత అన్నం తిని, బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. బడి నుంచి వచ్చిన కూతురు అమ్మ నిద్రపోతోందనుకుని, చప్పుడు చేయకుండా పక్కనే కూర్చుని లెక్కలు రాసుకుంది. సాయంత్రం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళ దాటిపోతుంటే లేపబోయింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

జలజ ఆ రోజు ఆ గల్లీలోనే ఉంది. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ఆమె ఇంజనీరు. మనిషి ఒంటికి తగిలించే చిన్న చిన్న పరికరాలు చేయడం ఆమె పని. నాలుగు రోజులు సెలవు పెట్టి అక్క సులోచన దగ్గరికి తుమ్మలగడ్డ వచ్చింది. నిజామాబాదు అవతల, ఇంటింటా బీడీలు చుట్టే ఊరు అది. అమ్మా నాన్నా ఒకే ఏడాదిలో పోయినప్పుడు జలజకు ఆరేళ్ళు, సులోచనకు పదహారు. అప్పటి నుంచి అక్క చుట్టిన బీడీల మీదే చెల్లెలి చదువు నడిచింది. తర్వాత అక్కకు పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, ఎనిమిదేళ్ళ కిందట భర్త పోయాడు. బీడీల చాట మాత్రం ఆమె ఒళ్ళోంచి దిగలేదు.

ఏడుపులు విని అక్కాచెల్లెళ్ళిద్దరూ పరుగెత్తారు. బాలమణి పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. జలజకు ఆ రంగు తెలుసు. పరికరాలు పరీక్షించడానికి ఆసుపత్రి వార్డుల్లో తిరిగిన మనిషి ఆమె. గుండె ఆగినవాళ్ళు వేరేలా ఉంటారు. ఇది ఊపిరి కొద్దికొద్దిగా తగ్గిపోయి ఆగిన మనిషి రంగు. గల్లీ డాక్టరు వచ్చి గుండెపోటు అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆ సందట్లో సులోచన వంగి, చాట కింద పడి ఉన్న మందు గోలీల రేకును తీసి కొంగున ముడేయడం జలజ చూసింది. పోయినామె పరువు కాపాడుతోంది అక్క అనుకుంది.

మర్నాడు పొద్దున ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సు కళావతిని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. కళావతి అక్కడ పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. అది నీలం గోలి. నొప్పుల మాత్ర. ఒకటి వేసుకుంటే నడుమున్నట్టే తెలియదు, చేతులు యంత్రంలా తిరుగుతాయి, వెయ్యి బీడీలు అవలీలగా అయిపోతాయి. రెండు నెలలకు ఒకటి చాలదు. ఏడాదికి నాలుగు చాలవు. ఒకనాడు ఒంటికి ఎంత పడుతుందో లెక్క తప్పి, ఊపిరి తీయడమే ఒళ్ళు మరిచిపోతుంది.

కళావతి బీరువా తెరిచింది. ముక్కులో కొట్టే విరుగుడు మందు డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్రభుత్వం నలభై పంపితే పద్నాలుగు పోయాయట, అన్నీ మగవాళ్ళ కోసమే.

"ఆడోళ్ళు ఒక్కరు తీస్కపోలే మేడం," అంది కళావతి. "తీస్కుంటె ఒప్పుకున్నట్టే గద. మొగోడు మత్తుల రోడ్డు మీద పడితె పదిమంది సూస్తరు, లేపుతరు. ఆడది తలుపేస్కొని మింగుతది. తలుపెనక పడ్డోళ్ళను ఎవరు సూస్తరు?"

జలజ ఆ మాట మోసుకుని హైదరాబాదు వెళ్ళింది.

ఆలోచన వెంటనే తట్టలేదు. నెల తర్వాత, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల ఊపిరి కొలవడానికి ఆవగింజంత స్ఫటికం ఒకటి తయారు చేస్తూ ఉంటే తట్టింది. బయటికి వచ్చే ఊపిరి వెచ్చగా ఉంటుంది, లోపలికి పోయే ఊపిరి చల్లగా ఉంటుంది. ఆ తేడాను పట్టి స్ఫటికం ఊపిరులు లెక్కపెడుతుంది. మందుల తయారీ చూసే ఫక్రుద్దీన్ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాడు. దాన్ని పెద్దవాళ్ళకు ఎక్కడ పెడతావని అతను యథాలాపంగా అడిగాడు. జలజ చేయి తనకు తెలియకుండానే తన ముక్కుపుడక మీదికి పోయింది.

ఊపిరి వచ్చేదీ అక్కడే, విరుగుడు మందు పోవలసిందీ అక్కడే. ఆడవాళ్ళు ఎవరూ దాచుకోనక్కరలేని వస్తువు.

పైకి చెప్పినంత సులువుగా కాలేదు. ఒక డబ్బా మందును నువ్వుగింజంత గట్టి పొడి చేయడానికి ఫక్రుద్దీన్‌కు పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి ముక్కుపుడక కింద భాగంలో, ముక్కు లోపలి వైపు, అలాంటి గింజలు మూడు పట్టాయి. నిమిషానికి ఎనిమిది ఊపిరుల కంటే తగ్గితే పుడక ముందు చురుక్కున పొడుస్తుంది. మామూలు నిద్రయితే మనిషి విసుక్కుని లేస్తుంది. లేవకపోతే ఒక గింజ పగిలి మందు ముక్కులోకి చిమ్ముతుంది.

మొదటి పరీక్ష తన మీదే చేయమని జలజ పట్టుబట్టింది. అనుమతులు వచ్చాక, ఆసుపత్రిలో మత్తు డాక్టరు పక్కనుండగా, నీలం గోలీలో ఉండే మందునే నరంలోకి ఎక్కించారు. నడుము, మెడ, ఏళ్ళ తరబడి ఉన్న అలసట, అన్నీ ఒక్కసారిగా ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది. ఇంత హాయి ఉంటుందా అనుకుంది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. మెలకువ వచ్చేసరికి ముక్కులో మిరియాల పొడి పోసినట్టు మంట, ఒళ్ళంతా వణుకు, చెప్పలేని భయం. ఎందుకో తెలియకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. మత్తు డాక్టరు ఆమె చేయి పట్టుకునే ఉంది.

పరీక్ష నెగ్గిందని అందరూ సంతోషించారు. జలజ మాత్రం ఆ సంతోషంలో కలవలేదు. ఆ చేయి లేకపోతే ఏమయ్యేదో ఆమెకు తెలిసింది. పైగా విరుగుడు పనిచేసేది అరగంట, గోలి మత్తు సాయంత్రం దాకా ఉంటుంది. ప్రాణం నిలబడాలంటే పుడక ఒక్కటే చాలదు. పక్కన మనిషి ఉండాలి. మరి పుడక ఎవరిని పిలవాలి? అంబులెన్సును పిలుద్దామన్నాడు ఫక్రుద్దీన్. గల్లీలోకి అంబులెన్సు వచ్చిందంటే మర్నాడే ఆ మనిషి పుడక తీసి పారేస్తుందని కళావతి ఫోన్లో చెప్పింది.

ఆ ఆడవాళ్ళనే అడుగుదామని జలజ మళ్ళీ తుమ్మలగడ్డ వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం కార్ఖానా రేకుల షెడ్డులో వందమందికి పైగా పోగయ్యారు. తునికాకు వాసన, తంబాకు ఘాటు మధ్య జలజ నిలబడి సంగతంతా చెప్పింది. బాలమణి పేరు ఎత్తలేదు. అయినా ఆ పేరే అందరి మనసుల్లో ఉంది. జలజ చెప్పడం అయ్యాక ఒకామె, ఇది పెట్టుకుంటే గోలీలు మింగుతానని ఊరంతా చాటుకున్నట్టే కదా అంది. ఇంకొకామె, భర్త పోయినవాళ్ళం ముక్కుపుడక ఎలా పెట్టుకుంటాం, నలుగురిలో తలెత్తుకోవద్దా అంది. మాట మీద మాట పెరిగి, కొందరు చాటలు సర్దుకుని లేచారు. తన రెండేళ్ళ పని ఆ షెడ్డులోనే ముగిసిపోయిందనుకుంది జలజ.

అప్పుడు సులోచన లేచింది.

"అందరం పెట్టుకుందాం," అంది. "మింగెటోళ్ళు, మింగనోళ్ళు, అందరం. గప్పుడు ఎవరెవరో ఎవరికి తెలుస్తది?"

సులోచన పక్కింట్లో ఉండే షహనాజ్ బేగం ముందుగా తలూపింది. షహనాజ్ జన్మలో నీలం గోలి ముట్టని మనిషి అని గల్లీ అంతటికీ తెలుసు. ఎవరిని పిలవాలన్న ప్రశ్నకు కూడా ఆమే జవాబు చెప్పింది. "పక్కింటోళ్ళను పిలిపియ్యి బిడ్డా. మేమే ఉరుకుతం. గల్లీల సంగతి గల్లీలనే ఉంటది."

అలా పుడకకు ఇంకో పని చేరింది. ఒకరి పుడకలో మందు చిమ్మగానే దగ్గరలో ఉన్న ముగ్గురి పుడకలు వెచ్చబడతాయి. ఏ వైపు వెళితే ఇంకా వెచ్చబడుతుందో ఆ వైపు వెళ్ళాలి. ఎవరి పుడక నంబరు ఎంతో ఎక్కడా రాయరు. వాటన్నిటినీ చాటలో పోసి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటి తీసుకోవాలి. నెలకోసారి పాతవన్నీ ఇచ్చేసి, మళ్ళీ అలాగే కొత్తవి తీసుకోవాలి. పరిశోధనశాలకు నంబరు, సమయం, ఊపిరి లెక్క మాత్రమే వస్తాయి, పేరు రాదు. పేర్లు వెతకనని జలజ ఆ షెడ్డులోనే అందరి ముందూ మాట ఇచ్చింది.

మూడు నెలల తర్వాత నూట ఆరు పుడకలు వచ్చాయి. మొదటిది సులోచనే తీసుకుంది. భర్త పోయిన పదో రోజున పాత పుడక తీయించారు, ముక్కు కుట్టు పూడిపోయింది. కళావతి మళ్ళీ కుట్టింది. సులోచన కంట నీళ్ళు తిరిగాయి గాని కదల్లేదు. అది చూశాక మిగతా విధవలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఆ తెగువకు మూల్యం ఉండనే ఉంది. నెల తిరక్కుండా మరిది ఇంట్లో పెళ్ళయితే సులోచనను పిలవలేదు. బజారులో ఎవరో వెనక నుంచి మాటన్నారు. ఆమె ఇంటికి వచ్చి చాట ముందేసుకుని కూర్చుంది, పుడక తీయలేదు.

మూడో వారంలో అరవై ఒకటో నంబరు మోగింది.

పరిశోధనశాల తెర మీద ఊపిరులు ఏడు, ఆరు, ఐదు అని పడిపోవడం జలజ, ఫక్రుద్దీన్ చూశారు. చురుక్కు పనిచేయలేదు. గింజ పగిలింది. ముగ్గురికి పిలుపు వెళ్ళింది. రెండు నిమిషాల నలభై సెకన్లకు ఊపిరులు పద్నాలుగుకు వచ్చాయి. ఫక్రుద్దీన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, బయటికి వెళ్ళి అందరికీ చాయ్ తెచ్చాడు. ఆ అరవై ఒకటి ఎవరో ఈ రోజుకీ జలజకు తెలియదు.

నాలుగు నెలల్లో మరో ఐదుగురు అలాగే లేచారు. గల్లీలో ఒక్క చావు లేదు.

ఐదో నెలలో ఇరవై మూడో నంబరు జలజను నిలవనివ్వలేదు. ఒకే వారంలో రెండుసార్లు మోగింది. రెండు గింజలు అయిపోయాయి, ఒక్కటే మిగిలింది. పుడకలు మార్చే రోజు ఇంకా పన్నెండు రోజులుంది. ఆమె మూడోసారి లేస్తుంది, నాలుగోసారి లేవదు.

పేరు కనుక్కోవడం పది నిమిషాల పని అన్నాడు ఫక్రుద్దీన్. ప్రతిసారీ ఏ నంబర్లకు పిలుపు వెళ్ళిందో కలిపి చూస్తే ఇల్లు దొరికిపోతుంది.

"మాట ఇచ్చాం భాయ్," అంది జలజ.

"మాట నిలబెట్టుకోవడానికి మనిషిని పోగొట్టుకుంటావా?"

జలజ తెర ముందు కూర్చుని మీట మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఒక్కరి పేరు బయటికి లాగిన రోజున నూట ఆరుగురూ పుడకలు తీసేస్తారు. ఒకరిని కాపాడబోయి ఎంతమందిని పోగొట్టుకోవాలి? చివరికి ఒక దారి తోచింది. ఒక్కరికి కాకుండా అందరికీ ముందే మార్చేస్తే సరిపోతుంది. సోమవారం మారుద్దామని కళావతికి చెప్పింది. కొత్తవి తయారు చేయడానికి జలజ, ఫక్రుద్దీన్ పగలంతా బల్లలకు అతుక్కుపోయారు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి, సోమవారం సంగతి గల్లీలో చెప్పమనడానికి జలజ అక్కకు ఫోన్ చేసింది. సులోచన మామూలుగానే మాట్లాడింది. బాలమణి కూతురికి హాస్టల్లో సీటు వచ్చిందని, తానే వెళ్ళి దింపి వచ్చానని చెబుతోంది. చెబుతూ చెబుతూ మాటల మధ్య సందులు పెరిగాయి. "పిల్ల ఏడ్వలే... నాకే..." అని ఆగింది. జలజ ఎదురుచూసింది. అవతల ఫోన్ బండ మీద పడిన చప్పుడయింది.

ఎదురుగా తెర మీద ఇరవై మూడు ఎర్రబడింది.

జలజ అక్కా అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. తెర మీద ఏడు, ఐదు, నాలుగు. చురుక్కుకు జవాబు లేదు. మూడో గింజ పగిలింది. ఆఖరిది. అక్కడికి నూట తొంభై కిలోమీటర్ల దూరంలో, చెవికి ఫోన్ ఆనించుకుని, ఆమె ఏమీ చేయలేక నిలబడింది. గోడ గడియారం చప్పుడు కూడా ఫోన్లో వినబడుతోంది.

తర్వాత తలుపు భళ్ళున తోసిన చప్పుడు వినబడింది. పరుగెత్తి వచ్చిన అడుగులు, ఆయాసం, గాజుల చప్పుడు. షహనాజ్ గొంతు దగ్గరగా వినిపించింది. "సులోచనా, నేను వచ్చిన. ఊపిరి తియ్యి. ఇంకోటి. ఆఁ, ఇంకోటి." ఎవరో నీళ్ళు తెమ్మంటున్నారు, ఎవరో ఒళ్ళోకి తీసుకుని పక్కకు తిప్పమంటున్నారు. తర్వాత దగ్గు. చిన్నపిల్లలా వెక్కి ఏడుపు. ఆ ఏడుపు ఎలాంటిదో జలజకు తెలుసు.

ఏడుపు మధ్య సులోచన మొదటి మాట వినబడింది. "జలజకు చెప్పకుండ్రి."

"ఎవరికి చెప్తమే," అంది షహనాజ్. "నువ్వు ఊపిరి తియ్యి, గంతే."

జలజ చేత్తో నోరు మూసుకుని ఫోన్ కట్ చేసింది. ఫక్రుద్దీన్ తెరను చూశాడు, ఆమె ముఖం చూశాడు. ఏమీ అడగకుండా లేచి, తయారైన పుడకలన్నీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. వందే అయ్యాయి. పరీక్షల కోసం పక్కన పెట్టిన ఆరింటిని కూడా తీసి అందులో వేశాడు.

చీకటి పడే వేళకు జలజ తుమ్మలగడ్డలో దిగింది. మందు గింజల్లో తయారీ లోపం బయటపడిందని, అందరూ ఇప్పుడే మార్చుకోవాలని కళావతి చేత ఇంటింటికీ కబురు పెట్టించింది. జీవితంలో ఆమె అంత నిబ్బరంగా చెప్పిన అబద్ధం ఇంకోటి లేదు. పొయ్యి మీద కూరలు వదిలేసి, గొణుక్కుంటూ అందరూ ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. సులోచన గోడవారగా కూర్చుని ఉంది. పక్కన షహనాజ్ మామూలుగా కబుర్లు చెబుతున్నట్టే ఉంది గాని, చేయి మాత్రం సులోచన మణికట్టు మీదే ఉంది. జలజ చాటను మొదట అక్క ముందు పెట్టింది.

సులోచన కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంది. ఏం తప్పొచ్చిందని అడిగింది. గింజ సరిగ్గా పగలడం లేదట అంది జలజ. అక్క తలూపి, కొత్త పుడక బిగించుకుంది.

జలజ వెనక్కి వెళ్ళలేదు. పది రోజులు సెలవు పెట్టి అక్క ఇంట్లోనే ఉంది. పొద్దున లేచి అక్క పక్కన చాట వేసుకుని కూర్చునేది. తను చుట్టిన బీడీలు కార్ఖానాలో తీసుకునేవారు కాదు. అయినా అక్క వద్దనలేదు. మూడో రోజుకే జలజ మెడ నరాలు పీకడం మొదలయింది. అక్క ఇలా ముప్పై ఏళ్ళు కూర్చుంది. తను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో అక్క ఎన్ని లక్షల బీడీలు చుట్టి ఉంటుంది, ఎన్ని గోలీలు మింగి ఉంటుంది అన్న ఆలోచన వచ్చి, ఆకు కత్తిరిస్తున్న చేయి ఆగిపోయేది. ఎన్నోసార్లు అడగాలనుకుంది. అడగలేదు.

ఆరో రోజు పొద్దున సులోచన పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"నేను గోలీలు మింగుతున్న చెల్లె. ఏడేండ్లాయె."

జలజ ఉలిక్కిపడలేదు. సులోచన రొట్టె తిప్పి, వెనక్కి చూసింది.

"నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే. శనివారం ఫోన్ కట్ గాలే అక్కా."

"మరెందుకడగలే?"

"అడిగితె నువ్వు లేదంటవు. ఒక్కసారి లేదన్నంక మళ్ల ఉన్నదని ఎట్ల చెప్తవు?"

పెనం మీద రొట్టె మాడుతోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు. మానేద్దామని మూడుసార్లు చూశానని చెప్పింది సులోచన. రెండో రోజుకు ఒళ్ళంతా విరగ్గొట్టినట్టవుతుందని, నడుము నొప్పి ఒక లెక్క కాదు, బతికి ఉండడమే నొప్పిలా ఉంటుందని చెప్పింది. చెల్లెలి దగ్గర ఎప్పుడూ పెద్దరికంగా మాట్లాడిన మనిషి తల వంచుకుని చెప్పింది. ఒక్కసారిగా మానేది కాదని, మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారని జలజ చెప్పింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎక్కడిస్తరు ఆ మందు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతే దగ్గరలో జవాబే లేదని తేలింది. పెద్ద ఊళ్ళో మత్తు మాన్పించే వార్డు ఉంది, అందులో పడకలన్నీ మగవాళ్ళవి. ఆడవాళ్ళు ఎవరూ రారు కాబట్టి పెట్టలేదన్నారు అక్కడివాళ్ళు. జలజ, కళావతి కలిసి ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. పుడకలు ఎన్నిసార్లు మోగాయో, ఎందరు లేచారో ఆ లెక్క ముందు పెడితే పేర్లు అడిగారు. పేర్లు లేవని జలజ చెప్పింది. పేర్లు లేకుండా ఎలా అన్నారు. పేర్లు లేవు కాబట్టే వీళ్ళు బతికున్నారని కళావతి చెప్పింది. చివరికి వారానికి ఒక డాక్టరమ్మను పంపడానికి ఒప్పుకున్నారు.

గురువారం గురువారం ఆరోగ్య కేంద్రంలో "నడుము నొప్పి వైద్యం" అని బోర్డు పెట్టారు. అందులో అబద్ధం లేదు. నడుముకు వ్యాయామాలు నేర్పారు, వీపుకు ఆసరా ఉండే పీటలు చేయించారు. లోపలి గదిలో, అడిగినవాళ్ళకు గోలీలు తగ్గించే మందు ఇచ్చారు. నడుము నొప్పి లేని మనిషి ఆ గల్లీలో లేదు కాబట్టి, బయట కూర్చున్నవాళ్ళలో ఎవరు దేనికి వచ్చారో ఎవరూ చెప్పలేరు. మొదటి గురువారం నలుగురు వచ్చారు. నెలకు పంతొమ్మిది మంది అయ్యారు. మధ్యలో ఇద్దరు మానేసి మళ్ళీ గోలీలకు పోయారు, మళ్ళీ వచ్చారు. సులోచన కూడా ఒకసారి జారింది. డాక్టరమ్మ ముఖం చిట్లించకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

పద్నాలుగు నెలల తర్వాత ఒక మంగళవారం జలజ తుమ్మలగడ్డ వచ్చింది. పక్క రెండు బీడీల ఊళ్ళలో పుడకలు పెట్టబోతున్నారు, ఆ పని మీద. అక్క ఒళ్ళు చేసింది, ముఖంలో కళ వచ్చింది. రోజుకు ఆరువందలే చుడుతోంది, మధ్యాహ్నం గంటసేపు నడుం వాలుస్తోంది. గోలి ముట్టి ఐదు నెలలయింది. ఇక పుడక అవసరం లేదని డాక్టరమ్మ చెప్పిందట.

"మరి తీసెయ్యలేదేం?" అని అడిగింది జలజ.

సులోచనకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "నేను తీసేస్తె పక్కింటోళ్ళకు ఏమన్నైతె నాకెట్ల తెలుస్తది?"

మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. సులోచన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. ఎడమ చేయి ముక్కు మీదికి పోయింది. కంచం పక్కకు నెట్టి, ఎంగిలి చేయి కడగకుండానే లేచింది. గడప దాటి కుడికి రెండడుగులు వేసి, కాదని ఎడమకు తిరిగి, చెప్పుల్లేకుండా పరుగెత్తింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి అంత వేగంగా పరుగెత్తడం జలజ చూడలేదు. ఆమె వెనకే తనూ పరుగెత్తింది. ఎదురు సందులోంచి షహనాజ్ కూడా వస్తోంది.

ఐదిళ్ళ అవతల, ఆ మాఘంలో కాపురానికి వచ్చిన కొత్త కోడలు మమత గది అది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ అమ్మాయి మీద ఎవరికీ అనుమానం లేదు. ఇంట్లో మిగతావాళ్ళు పనులకు పోయారు. సులోచన తలుపు భుజంతో తోసింది. మమత చాట పక్కన ఒరిగి ఉంది, పెదవులు రంగు మారుతున్నాయి. సులోచన కింద కూర్చుని తల ఒళ్ళోకి తీసుకుని, పక్కకు తిప్పి, వీపు మీద అరచేయి ఆనించింది. "ఊపిరి తియ్యి బిడ్డా. ఇంకోటి," అంటోంది. జలజ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరులు లెక్కపెట్టింది. ఐదు. ఏడు. తొమ్మిది. పన్నెండు.

మమత కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి, మొదట తలుపు వైపు చూసింది. అత్తకు తెలుస్తుందన్న భయంతో పళ్ళు కటకటలాడుతున్నాయి.

"ఎవ్వరికి చెప్పం," అంది సులోచన. "నన్ను గూడ గిట్లనే లేపిన్రు. మూడుసార్లు."

మమత ఆమె ముఖంలోకి చూసింది. నమ్మాలో వద్దో తెలియనట్టు చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. సులోచన ఆపమనలేదు. షహనాజ్ తన ఇంటికి వెళ్ళి వేడి చాయ్, దుప్పటి తెచ్చింది. మందు ప్రభావం అరగంటే కాబట్టి ముగ్గురూ అక్కడే ఉండిపోయారు. చాట ఖాళీగా ఉంటే అత్త అడుగుతుందని షహనాజ్, సులోచన చెరో పక్కన కూర్చుని మమత బీడీలు చుట్టారు. గల్లీలో బడి విడిచిన పిల్లల కేకలు వినబడ్డాయి.

ఎండ గడప దాటి గోడ ఎక్కేసరికి మమత దుప్పటి తీసి లేచి కూర్చుంది.

"గురువారం ఎన్నింటికి తెరుస్తరు అక్కా?" అని అడిగింది.

"తొమ్మిదింటికి," అంది సులోచన, బీడీ దారం కొరుకుతూ. "నేనొచ్చి తోల్కపోత."